దుమ్ముగూడెం నుంచి కాటన్‌ను చూద్దాం

 ఒక మంచి మనిషి పేరు మీద ఏర్పడిన ఉపన్యాసంలో మాట్లాడేవారు మంచితనం అంటే ఏమిటో, దాన్ని దేనితో కొలవాలో కొంతైనా చెప్పాలి. అందుకని సముద్రం దాటి వచ్చిన ఒక మనిషి జీవితాన్ని ఎంచుకున్నాను. ఆయన గాఢమైన దైవభక్తి ఉన్నవాడు, యుద్ధంలో పనిచేసిన సైనికుడు, భార్యాబిడ్డలతో నిండుగా బతికిన సంసారి. ఆయన జనరల్ సర్ ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల్లో ఆయనకు పరిచయం అక్కరలేదు. ఊరూరా విగ్రహాలున్నాయి, ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది, బ్యారేజికి ఆయన పేరే పెట్టుకున్నాం. గోదావరి స్నానవేళ సంకల్పంలో ఆయన్ను తలుచుకునేవారూ ఉన్నారు. అయితే ఈ జ్ఞాపకమంతా నది దిగువన పుట్టింది. అదే నదిలో ఎగువకు వస్తే, భద్రాచలానికి పైన దుమ్ముగూడెం దగ్గర ఆయన ఆలోచనకు ఇంకో రూపం రాళ్లలో నిలిచి ఉంది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ. భక్తుడి జీవితానికి ధవళేశ్వరం ఒక్కటే సాక్ష్యం కాదనీ, దుమ్ముగూడెం సాక్ష్యం కూడా విన్న తర్వాతే తీర్పు చెప్పాలనీ నా వాదన. ఆ రెండో సాక్ష్యం ఆయన్ను చిన్నవాణ్ణి చేయదు. ఆయన దయ ఎంతవరకు చేరిందో, ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. ఆ ఆగిన చోటే నేటికీ మన పని మిగిలి ఉంది.

ముందు జీవితాన్ని క్లుప్తంగా చూద్దాం. 1803 మే 15న పుట్టిన కాటన్ పదకొండు మంది అన్నదమ్ములలో పదోవాడు. పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కూంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. మద్రాసు ఇంజనీర్ల దళంలోకి వచ్చి, 1821లో ఈ దేశంలో అడుగుపెట్టాడు. 1824 నుంచి 1826 వరకు సాగిన మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. యువకుడిగా ఉన్నప్పుడే క్రైస్తవ విశ్వాసం ఆయనలో బలంగా నాటుకుంది, చివరిదాకా సడలలేదు. కావేరి మీద, కొల్లిడం మీద 1836 నాటికి ఆనకట్టలు కట్టి తంజావూరు సాగును నిలబెట్టాడు. ఎండలు, జ్వరాలు ఆయన ఆరోగ్యాన్ని పదేపదే దెబ్బతీశాయి. కోలుకోవడానికి ఆస్ట్రేలియా వైపు వెళ్లినప్పుడు, టాస్మేనియాలో స్థిరపడిన లియర్‌మంత్ కుటుంబపు అమ్మాయి ఎలిజబెత్‌ను 1841లో పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడాది అక్కడే కూతురు పుట్టింది. ఆ తర్వాత మళ్లీ మద్రాసు రాష్ట్రానికి తిరిగొచ్చి గోదావరి పని తలకెత్తుకున్నాడు. 1861లో నైట్ బిరుదు వచ్చింది. ఉద్యోగం వదిలాక కూడా దాదాపు నాలుగు దశాబ్దాలు ఈ దేశపు నీటి గురించి రాస్తూ, వాదిస్తూ గడిపాడు. తొంభై ఆరేళ్ల వయసులో, 1899 జూలైలో, ఇంగ్లాండులోని డార్కింగ్‌లో కన్నుమూశాడు.

ఇలాంటి జీవితాన్ని అంచనా వేసేటప్పుడు మొదట సాక్ష్యం ఎక్కడిదో చూసుకోవాలి. కాటన్ భక్తి గురించి, ఇంటి జీవితం గురించి మనకు తెలిసిన దానిలో పెద్ద భాగం ఆయన కూతురు లేడీ హోప్ 1900లో ప్రచురించిన జీవిత చరిత్ర నుంచి వచ్చింది. తండ్రి పోయిన మరుసటి ఏడాది కూతురు రాసిన పుస్తకం అది. అందులో ప్రేమ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ప్రేమను ప్రమాణంగా తీసుకోవడానికి జాగ్రత్త అవసరం. ఈ లేడీ హోప్ పేరే మరో సందర్భంలో ప్రపంచమంతటా వినిపించింది. చార్లెస్ డార్విన్ అవసాన దశలో తిరిగి దేవుడి వైపు మళ్లాడని ఆమె చెప్పినట్టు 1915లో ఒక కథనం అచ్చయింది. డార్విన్ పిల్లలు దాన్ని గట్టిగా ఖండించారు. దీన్నిబట్టి తండ్రి గురించి ఆమె రాసినదంతా కల్పన అని నేను అనను. ఒక మనిషి భక్తికి ఇంటివారి మాట ఒక్కటే చాలదని మాత్రం అంటాను. భక్తికి నమ్మదగిన సాక్ష్యం ఆ మనిషి చేసిన పనిలో దొరకాలి. ఎవరికోసం చేశాడు, ఎవరితో కలిసి చేశాడు, ఎవరిని లెక్కలోకి తీసుకున్నాడు అనే మూడు ప్రశ్నలు వేసి ఆయన చేసిన రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటి పని ధవళేశ్వరం. ఆనకట్టకు ముందటి గోదావరి జిల్లా సంగతి తెలియకపోతే ఆ పని విలువ తెలియదు. 1821లో 7,38,308గా ఉన్న ఆ జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు లేకుండా పోయారు. 1830ల కరువు కొంతమందిని మింగింది. 1839లో కోరంగి మీద విరుచుకుపడిన ఉప్పెన ఇంకొంతమందిని తీసుకుపోయింది. మిగిలినవాళ్లలో బతుకుదారి వెతుక్కుంటూ వలస పోయినవారు ఎందరో. మారిషస్ చెరకు తోటల్లో, బర్మా రేవుల్లో మన తెలుగువాళ్లను కోరంగివాళ్లని పిలిచారంటే ఆ పిలుపు వెనుక ఉన్నది ఈ కాలమే. నది నిండా నీరు పారుతూ సముద్రంలో కలుస్తుంటే, ఒడ్డున జనం తిండి లేక చావడం కాటన్ మనసు ఒప్పుకోలేదు. కరువును దైవశిక్షగా చూసి చేతులు ముడుచుకునే ధోరణి ఆయనకు లేదు. నీటిని నిలిపి పంచగలిగే చోట పంచకపోవడం పాలకుల నిర్లక్ష్యమేనని ఆయన జీవితాంతం వాదించాడు. ఆయన విశ్వాసంలో నేను అన్నిటికన్నా గౌరవించే అంశం ఇదే.

1847లో మొదలైన ఆనకట్ట పని 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల మీద దాదాపు 3.6 కిలోమీటర్ల రాతికట్ట లేచింది. ఎవరితో కలిసి చేశాడు అనే రెండో ప్రశ్నకు ఇక్కడ మంచి జవాబు దొరుకుతుంది. ఇసుక నేలలో పునాది నిలపడం ఎలాగో కావేరి మీద మన పూర్వులు కట్టిన కల్లణై నుంచి నేర్చుకున్నామని ఆయన బాహాటంగా ఒప్పుకున్నాడు. పాలించే జాతికి చెందిన సైనికాధికారి పాలితుల పూర్వీకుల ముందు విద్యార్థిగా నిలబడటం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు కూడా చరిత్రలో నిలిచింది. కాలువను నది పాయ మీదుగా అవతలి లంకభూములకు దాటించిన గన్నవరం అక్విడక్టును హేగ్ అనే యువ ఇంజనీరు కట్టాడు. మూడో ప్రశ్నకూ ఇక్కడ జవాబుంది. డెల్టా రైతు, అతని చేను, అతని పంట, అతని పడవ అన్నీ కాటన్ లెక్కలోకి వచ్చాయి. నీరు ఎవరికి చేరుతుందో తెలిసి కట్టిన కట్టడం కాబట్టే ఆ నేల ఆయన్ను మనవాడనుకుంది. పరాయి దేశస్థుడు ఒక నేలకు సొంతవాడు కావడానికి ఇంతకన్నా పెద్ద ఆధారం ఉండదు.

ఇప్పుడు రెండో పనికి వద్దాం. ధవళేశ్వరం పూర్తయ్యే వేళకే కాటన్ చూపు ఎగువకు మళ్లింది. నాగపూర్, బేరార్ ప్రాంతాల పత్తిని వార్ధా, ప్రాణహితల మీదుగా గోదావరిలోకి దించి, పడవల్లో రాజమండ్రికి, అక్కడి నుంచి కాకినాడ రేవుకు చేర్చాలన్నది ఆలోచన. మధ్యలో మూడు చోట్ల నది రాతి గుట్టల మీదుగా దూకుతుంది. దుమ్ముగూడెం దగ్గర మొదటిది, ఇంచంపల్లి దగ్గర రెండోది, దేవలమర్రి దగ్గర మూడోది. ప్రతిచోటా ఆనకట్టతో నీటిమట్టం లేపి, పక్కన కాలువ తవ్వి, లాకులతో పడవలను ఎక్కించి దించాలి. నది సర్వే చేసి 1856లో నివేదిక రాసినవాడు గన్నవరం అక్విడక్టు కట్టిన ఆ హేగే. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు పత్తి కరువు రాగానే ఈ దారికి గిరాకీ పెరిగింది. మధ్యపరగణాల చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ కూడా దీన్ని బలపరిచాడు. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకుల పని చాలా దూరం సాగింది. ఈలోగా అంతర్యుద్ధం ముగిసింది, 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది, పత్తి రైలెక్కింది. నదిలో ఏడాదికి సగం కాలం పడవ నడిచేంత నీరు ఉండదు, అడవి జ్వరాలు పనివాళ్లను బతకనివ్వవు, ఖర్చు తేలదు. చివరికి 1871లో ప్రభుత్వం పని ఆపేసింది.

ఈ పథకాన్ని సాధారణంగా ఇంజనీరింగు చరిత్రలో ఒక విఫల ప్రయత్నంగా రాసి వదిలేస్తారు. కానీ భద్రాచలం సీమ వాళ్లకు అది విఫల ప్రయత్నం మాత్రమే కాదు. ఈ ప్రాంతం ఏ రాజ్యంలో ఉండాలో నిర్ణయించింది ఆ పడవ దారే. 1860 ఒప్పందంలో ఇంగ్లీషువాళ్లు నిజాంకు రాయచూరు, నల్‌దుర్గ్ ప్రాంతాలు తిరిగి ఇచ్చి, షోరాపూర్ అప్పగించారు. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న సిరోంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను తాము తీసుకున్నారు. నది మీద సుంకాలు కూడా రద్దయ్యాయి. పడవ దారికి ఒక ఒడ్డయినా పూర్తిగా తమ చేతిలో ఉండాలన్నది కారణం. అలా పాల్వంచ కుడి ఒడ్డున నిజాం రాజ్యంలో మిగిలింది, భద్రాద్రి రాముడు ఎడమ ఒడ్డున ఇంగ్లీషు రాజ్యంలోకి వెళ్లాడు. ఒకే భాష, ఒకే గోత్రాలు, ఒకే జాతరలు ఉన్న కోయ గూడేల మధ్య నది సరిహద్దయింది. ఆ తాలూకాలు మొదట మధ్యపరగణాల ఎగువ గోదావరి జిల్లాలో ఉన్నాయి. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మారాయి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది.

సరిహద్దు మారితే గూడెంలో ఏమి మారుతుందో రేకపల్లి చెబుతుంది. మధ్యపరగణాల కింద ఉన్నప్పుడు అక్కడ పోడు మీద పన్ను గొడ్డలికి నాలుగు అణాలు. 1874లో మద్రాసు రాష్ట్రంలోకి రాగానే పన్ను దాదాపు మూడింతలైంది, కొన్ని చెట్లు నరకరాదన్న ఆంక్షలు వచ్చాయి. 1879లో రంపలో తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి కొండలు కూడా దానితో కలిశాయంటే, దాని వెనుక ఈ గొడ్డలి పన్ను ఉంది. ఎక్కడో లాంకషైర్‌లో మగ్గం ఆగడం, ఇక్కడ పడవ దారికి గీత గీయడం, ఆ దారి మూతపడ్డాక మిగిలిన గీతను పట్టుకుని ఇంకో కచేరీ రావడం, ఆ కచేరీ గొడ్డలి మీద పన్ను పెంచడం ఒకదాని వెంట ఒకటి నడిచాయి. ఇందులో ఏ ఒక్క మలుపునూ కాటన్ కోరుకోలేదు. కానీ మూడో ప్రశ్న మళ్లీ వేయండి. ఎవరిని లెక్కలోకి తీసుకున్నాడు? ధవళేశ్వరం ప్రణాళికలో డెల్టా రైతు ఉన్నాడు. దుమ్ముగూడెం ప్రణాళికలో నాగపూర్ పత్తి ఉంది, కాకినాడ ఓడ ఉంది, లాంకషైర్ మిల్లు ఉంది. నది నడిచే అడవి మాత్రం దాటాల్సిన దూరంగానే ఉంది. అక్కడ చేసేది సాగు, బతికేది సంసారాలు అన్న గుర్తింపు ఆ ప్రణాళికకు కేంద్రం కాలేదు. డెల్టాలో నీరు గమ్యం చేరింది, అడవిలో నీరు దారిగా మాత్రమే కనిపించింది. ఆయన భక్తిలో తేడా లేదు, తేడా చూపులో ఉంది.

దీనికి మొదటి అభ్యంతరం న్యాయమైనదే. కాటన్ 1860 ప్రాంతంలోనే ఈ దేశం వదిలి వెళ్లాడు. దుమ్ముగూడెం పనిని ఆపింది ప్రభుత్వం, సరిహద్దు గీసింది ప్రభుత్వం, పన్ను పెంచింది ప్రభుత్వం. వాటిని ఆయన ఖాతాలో రాయడం ఏమి న్యాయమని అడగవచ్చు. నేను తప్పు ఆయన ఖాతాలో రాయడం లేదు, పథకం రూపం గురించి మాట్లాడుతున్నాను. డబ్బు సరిపోయి, రైలు ఆలస్యమై, పడవలు నాగపూర్ దాకా నడిచి ఉంటే ఏమి జరిగేది? పత్తి దిగేది, ఉప్పు ఎక్కేది, సరుకు ధరలు తగ్గేవి. అడవి అంచు ఊళ్లకూ కొంత వర్తకం దక్కేది. కానీ చెర్ల దగ్గరో, రేకపల్లి కొండల్లోనో పోడు కొట్టుకునే కుటుంబానికి ఆ పథకంలో చోటు అప్పుడూ ఉండేది కాదు. పథకం ఓడిపోవడం వల్ల వాళ్లు నష్టపోయారన్నది సగం నిజం. గెలిచినా వాళ్లు లెక్కలో లేరన్నది మిగతా సగం. అందుకే ఆపినవాళ్ల మీద నెపం వేసి ఈ ప్రశ్న నుంచి తప్పుకోలేం.

రెండో అభ్యంతరం కాలానికి సంబంధించినది. పందొమ్మిదో శతాబ్దపు మనిషిని ఇరవయ్యొకటో శతాబ్దపు కొలతతో కొలవవచ్చా? అడవి మనిషికి హక్కులున్నాయన్న భావనే అప్పుడు లేదు కదా అంటారు. ఈ అభ్యంతరం బలంగా కనిపిస్తుంది కానీ సాక్ష్యం ముందు నిలవదు. దుమ్ముగూడెంలోనే, ఆ కాలంలోనే, కోయవాళ్లను చూసిన కళ్లున్నాయి. అదే హేగ్, పని పర్యవేక్షణకు అక్కడ ఉన్నప్పుడు, నది ఒడ్డున ఉన్న ఈ జనానికి ఎవరైనా ఏదైనా చేయాలని చర్చ్ మిషనరీ సొసైటీని వేడుకున్నాడు. 1860 ప్రాంతంలో కోయ మిషన్ అక్కడ మొదలైంది. ఆనకట్ట పనుల్లో ఉద్యోగిగా వచ్చిన వెంకటరామరాజు అనే తెలుగువాడు క్రైస్తవం స్వీకరించి, ఉద్యోగం వదిలి, కోయల మధ్య పని చేయడానికి నిలిచిపోయాడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ అనే మతాచార్యుడు భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో 1876 నుంచి వరుసగా వ్యాసాలు రాశాడు. కోయల ఆచారాలు, పెళ్లిళ్లు, పండుగలు, మాటలు వాటిలో నమోదయ్యాయి. తర్వాత ఎడ్గర్ థర్‌స్టన్ తన గ్రంథంలో కోయల గురించి రాసేటప్పుడు కెయిన్ మీద ఆధారపడ్డాడు. వీళ్ల చూపుకూ హద్దుంది. మతం మార్చడానికి వచ్చినవాళ్లు అప్పటికే అక్కడ ఉన్న దైవాలను ఎంత గౌరవించగలరన్నది న్యాయమైన ప్రశ్నే. అయినా ఒకటి రుజువైంది. ఆనకట్ట నీడలోనే నిలబడి, అదే కాలపు అవే నమ్మకాలున్న మనుషులు, గూడెంలో ఉన్నవాళ్లను పేరుతో పలకరించగలిగారు. కాబట్టి ఆ కొలత మనం ఇవాళ తెచ్చి పెట్టింది కాదు.

ఇంకా పాత సాక్ష్యం భద్రాచలంలోనే ఉంది. నేలకొండపల్లి కంచర్ల గోపన్న కూడా నది అవతలి నుంచి వచ్చిన సర్కారు ఉద్యోగే. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తాను కింద పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉన్నవాడు. ఆయనా భక్తుడు, ఆయనా సంసారి, ఆయనా సర్కారు సొమ్ముతో కట్టడం కట్టి చెరసాల పాలైనవాడు. కాటన్ మాదిరిగానే ఆయన పేరు కూడా కట్టడంతో ముడిపడి నిలిచింది. అయితే భద్రాచలం స్థలపురాణం గోపన్నతో మొదలు కాదు. గోపన్న కన్నా ముందు పోకల దమ్మక్క ఉంది. అడవిలో రాముడి విగ్రహాలను మొదట కనుగొని, పందిరి వేసి, పండ్లు నైవేద్యం పెట్టిన గిరిజన స్త్రీ ఆమె. చరిత్రకారులు ఈ కథను చరిత్రగా ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే చర్చ. జనం తమ గుడి కథ చెప్పుకునేటప్పుడు, గుడి కట్టించిన అధికారి కన్నా ముందు అడవి స్త్రీకి చోటిచ్చారన్నది మాత్రం కాదనలేని నిజం. ఆ నేల దేవుణ్ణి మొదట చూసిన కళ్లు ఆమెవని ఒప్పుకున్నారు. దుమ్ముగూడెం ఆనకట్ట కథలో అలాంటి దమ్మక్క లేదు. ఇంజనీర్ల పేర్లున్నాయి, కమిషనర్ల పేర్లున్నాయి, రాళ్ల కొలతలున్నాయి. ఆ ఒడ్డు కోయవారి పేరు ఒక్కటీ మనకు తెలిసేలా నిలవలేదు. రెండు కట్టడాల మధ్య ఈ తేడా భక్తికి సంబంధించినది కాదు. పక్కవాడి ఉనికిని కథలో చేర్చుకునే మర్యాదకు సంబంధించినది.

మూడో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అసలు పాలకుల భక్తి అంతా ముసుగే, కాటన్ కట్టింది కంపెనీ శిస్తు పెంచడానికే, అలాంటప్పుడు ఆయన మంచితనం గురించి ఈ లెక్కలెందుకని కొందరంటారు. ఆనకట్టతో శిస్తు పెరిగిందన్నది నిజమే. పెరుగుతుందని చూపించే కాటన్ తన పై అధికారులను ఒప్పించాడు కూడా. కానీ ముసుగు వేసుకున్నవాడు లాభం ముగిశాక ముసుగు తీసేస్తాడు. కాటన్ ఉద్యోగం ముగిశాక ఏమి చేశాడో చూడండి. రైళ్ల మీద పెట్టే ధనంలో కొంతైనా నీటి మీద పెట్టమని తన ప్రభుత్వంతోనే పోరాడాడు. 1876-78 మహాకరువులో దక్షిణ భారతం లక్షల ప్రాణాలు పోగొట్టుకున్నప్పుడు, ఆ చావులు తప్పించగలిగినవేనని డెబ్బై అయిదేళ్ల వయసులో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి వాదించాడు. దానివల్ల ఆయనకు పెరిగిన జీతం లేదు, వచ్చిన పదవి లేదు, దక్కింది సాటివారి విసుగు. ముసలితనంలో డార్కింగ్‌లోని ఇంటి తోటలో లోతుగా దున్ని గోధుమ పండించి, కొద్ది నేలలో ఎక్కువ పంట ఎలా తీయాలో పరీక్షిస్తూ గడిపాడు. ఇది ముసుగు అంటే నమ్మడం కష్టం. భక్తి నిజమైనదే. నిజమైన భక్తికి కూడా చూపు హద్దు ఉండగలదన్నదే దుమ్ముగూడెం నేర్పే పాఠం. కపట భక్తుడి నుంచి మనం నేర్చుకునేది తక్కువ. నిజమైన భక్తుడి హద్దు నుంచి నేర్చుకునేది ఎక్కువ, ఎందుకంటే మనలో చాలామందిమి మంచి ఉద్దేశంతోనే పని మొదలుపెడతాం.

ఈ పాఠం ఇవాళ ఎందుకంటే, 1860లో జరిగినది 2014లో మరో రూపంలో జరిగింది. పోలవరం జలాశయం కోసం భద్రాచలం పట్టణాన్ని మినహాయించి భద్రాచలం గ్రామీణం, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలనూ బూర్గంపాడులో కొంత భాగాన్నీ తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. నూట యాభై నాలుగేళ్ల తేడాతో ఒకే నేల సరిహద్దు రెండుసార్లు నీటి పథకం కోసం కదిలింది. మొదటిసారి పడవ కోసం, రెండోసారి జలాశయం కోసం. రెండుసార్లూ ఆ గీత రాజధానుల్లో గీశారు, గూడెం మాటను బట్టి గీయలేదు. మధ్యలో ఎంతో మారింది. 1970లో గిరిజన భూములను కాపాడే 1/70 చట్టం వచ్చింది, 1996లో గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం వచ్చింది, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. గ్రామసభకు కాగితం మీద గొంతు వచ్చింది. అయినా లక్షకు పైగా కుటుంబాలు ముంపు వల్ల కదలాల్సిన పథకంలో, పరిహారం ముందా నీళ్లు ముందా అన్న ప్రశ్న నేటికీ తేలలేదు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు, విలీన మండలాల ఊళ్లు ఏ ప్రభుత్వం సాయం కోసం చూడాలో తెలియని అయోమయంలో పడ్డాయి. సరిహద్దు మారడం వల్ల గూడెంలో ఏమి మారుతుందో రేకపల్లి గొడ్డలి పన్ను అప్పుడు చెప్పింది, వరద నీళ్లు ఇప్పుడు చెప్పాయి.

దుమ్ముగూడెం పేరు కూడా మళ్లీ వార్తల్లోకి వచ్చింది. కాటన్ కాలపు ఆ ఆనకట్ట దగ్గర నుంచే నీళ్లెత్తి ఖమ్మం మైదానాలకు పారించే సీతారామ ఎత్తిపోతల పథకానికి 2016లో శంకుస్థాపన జరిగింది. అక్కడే సీతమ్మ సాగర్ బ్యారేజి కట్టడం కూడా మొదలైంది. పడవ దారిగా ఓడిపోయిన చోటు ఇప్పుడు సాగునీటి వనరు అవుతోంది. ఖమ్మం రైతుకు ఆ నీళ్లు కావాలి. వైరా, పాలేరు కింద ఎండే చేలను చూసిన ఎవరూ వద్దనరు, నేనూ వద్దనను. అభివృద్ధికి అడ్డుపడే వాదన ఇది అని ఎవరైనా అనుకుంటే, నా మాట సరిగ్గా వినలేదని అర్థం. నీళ్లు ఎత్తండి, కాలువలు పారించండి. అయితే ధవళేశ్వరం కట్టిన చూపుతో ఎత్తండి. ఆ చూపులో నీటికి దగ్గరగా ఉన్న మనిషి మొదట కనిపిస్తాడు. పంపు మోటార్లకు ఆనుకుని ఉన్న గూడెం తాగునీళ్లకు చెలమ మీద ఆధారపడే పరిస్థితి ఉంటే, ఆ పథకం దుమ్ముగూడెం మొదటి పథకానికి మరో ముద్రణ అవుతుంది.

ఒక్క ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పాలి. ఇన్ని చెప్పాక కాటన్‌ను ఎలా గుర్తుంచుకోవాలి? విగ్రహాలు తీసేయమనే వాళ్లతో నేను ఏకీభవించను, విగ్రహానికి దండ వేసి ఇంటికి వెళ్లిపోయే వాళ్లతో కూడా ఏకీభవించను. ఇరవై ఏళ్లలో నాలుగోవంతు జనాన్ని కోల్పోయిన నేలకు అన్నం పెట్టిన మనిషి ఆయన. మన పూర్వీకుల పనితనం ముందు తల వంచిన మనిషి. తన ప్రభుత్వాన్ని చివరి శ్వాస దాకా ప్రశ్నించిన మనిషి. భార్యతో, బిడ్డతో ఈ ఎండల్లో కాపురం చేసి, తన ఆరోగ్యాన్ని ఈ నదికి ధారపోసిన మనిషి. ఆ మనిషే అడవిని దూరంగా మాత్రమే చూశాడు. రెండూ నిజాలే, రెండూ కలిపి చెప్పినప్పుడే ఆయనకు న్యాయం చేసినట్టు. భక్తుడి జీవితాన్ని కొలిచే చోటు, ఆయన్ను పూజించే ఊళ్లలో మాత్రమే ఉండకూడదు, ఆయన పేరు తెలియని ఊళ్లలో కూడా ఉండాలి.

అందుకని ఈ వేదిక నుంచి మూడు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది, పాఠ్యపుస్తకాల్లో, మ్యూజియాల్లో ధవళేశ్వరం కథ చెప్పే చోటల్లా దుమ్ముగూడెం కథ, 1860 సరిహద్దు కథ, రేకపల్లి గొడ్డలి పన్ను కథ కూడా చెప్పాలి. రెండోది, గోదావరి మీద కొత్తగా కట్టే ప్రతి పథకంలో మొదటి చుక్క నీళ్లు, మొదటి రూపాయి పరిహారం నీటికి ఆనుకున్న గూడెం చేతికి అందాకే కాలువ తూము ఎత్తాలి, గ్రామసభ తీర్మానం కాగితంగా మిగలకూడదు. మూడోది మన పరిశోధకులకు: దుమ్ముగూడెం లాకుల దగ్గర పనిచేసిన, ఆ ఒడ్డున బతికిన కోయ కుటుంబాల జ్ఞాపకాలు పెద్దల నోళ్లలో ఇంకా మిగిలి ఉండగానే, వాళ్ల భాషలోనే, వాళ్ల పేర్లతోనే నమోదు చేయండి. భద్రాచలం గుడి కథలో దమ్మక్కకు దొరికిన చోటు దుమ్ముగూడెం చరిత్రలో ఆ మనుషులకు దొరికితేనే, కాటన్‌కు మనం బాకీ పడ్డ గౌరవం పూర్తిగా తీరుతుంది.